సగటు చూసి లింకు కొనవచ్చునా? ఒక ట్రాఫిక్ అంచనా సేవతో పద్నాలుగు నెలలు

రాజోలు దీవిలో మాకు 4,200 ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్నాయి. కేబుల్ టీవీ వైర్లతో మొదలైన వ్యాపారం ఫైబర్‌లోకి మారి చాలాకాలమైంది కానీ, బ్యాండ్‌విడ్త్ కొనే పద్ధతి మాత్రం మొన్నమొన్నటి దాకా పాతదే. రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు ఎక్కువగా వస్తే ఇంకొక గిగాబిట్ (సెకనుకు వెయ్యి మెగాబిట్ల వేగం) కొనేవాళ్ళం, రాకపోతే ఊరుకునేవాళ్ళం. ఈ అలవాటు మానుకుందామని 2024 డిసెంబరులో హైదరాబాదుకు చెందిన ఒక సంస్థ అమ్ముతున్న ట్రాఫిక్ అంచనా సేవకు చందా కట్టాను. ఏడాదికి 1,44,000 రూపాయలు. 18 శాతం జీఎస్‌టీ కలిపితే 1,69,920. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. కొనే ముందు మరో ఇద్దరి సేవలను కూడా చూపించుకున్నాను, నేను చెప్పబోయే లోపాలలో ఎక్కువభాగం వారిలోనూ కనబడ్డాయి. నాలాంటి చిన్న ఆపరేటర్లు ఇటువంటిది కొనే ముందు ఏమి అడగాలో తెలియడానికి పేరుతో పని లేదు.

సేవ స్వరూపం ఇది. మన సర్వర్‌లో ఒక చిన్న ప్రోగ్రాం పెడతారు. అది ఐదు నిమిషాలకు ఒకసారి ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్కు పరికరాలను వాటి లెక్కలు అడిగే పద్ధతి) ద్వారా రౌటర్లనూ స్విచ్‌లనూ పలకరించి, ఏ పోర్టులో ఎన్ని బైట్లు వెళ్ళాయో లెక్క తెచ్చి వాళ్ళ క్లౌడ్‌కు పంపుతుంది. అక్కడ హోల్ట్-వింటర్స్ జాతికి చెందిన ఒక మోడల్ నడుస్తుంది. ప్రస్తుత స్థాయి ఎంత, పెరుగుదల వేగం ఎంత, రోజుకొకసారీ వారానికొకసారీ తిరిగివచ్చే ఎగుడుదిగుళ్ళు ఏమిటి అన్న మూడింటినీ విడదీసి, కొత్త లెక్క వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా సవరించుకుంటూ పోవడం ఆ పద్ధతి. 1957లో హోల్ట్ మొదలుపెట్టగా, 1960లో వింటర్స్ సరుకుల అమ్మకాల అంచనా కోసం దానిని పూర్తిచేశాడు. జనం నెట్ వాడే తీరు కూడా కొట్టు బేరం లాంటిదే కనుక మన గ్రాఫులకు అది బాగానే అమరుతుంది. నెల తిరిగేసరికి ఒక నివేదిక వస్తుంది. అందులో ఒక్కొక్క లింకు, అంటే రెండు చోట్లను కలిపే ఒక్కొక్క ఫైబర్ దారి పక్కన అది ఏ తేదీకి నిండుతుందో రాసి ఉంటుంది. డబ్బు కట్టేది ఆ తేదీ కోసమే.

మొదటి నివేదికలోనే ఒక వింత కనబడింది. మలికిపురం నుంచి అంతర్వేది వైపు వెళ్ళే మా ఒక గిగాబిట్ లింకు మీద ఆరు వందల ఇళ్ళు ఉన్నాయి. దాని వాడకం 11 శాతమేననీ, మరి నాలుగేళ్ళు దానిని ముట్టుకోనక్కర లేదనీ రాశారు. మా లైన్‌మన్ ఆ కాగితం తిరగేసి, "పదకొండు శాతమేనండీ? మరి రోజూ రాత్రి నన్ను తిట్టేది ఎవరండి?" అన్నాడు. గ్రాఫును పెద్దది చేసి చూస్తే గీత రంపం పళ్ళలా ఎగిరెగిరి పడుతోంది, కానీ 114 మెగాబిట్లను మాత్రం ఒక్కసారి కూడా దాటలేదు. ఆ అంకె చూడగానే సంగతి తెలిసింది. స్విచ్‌లో బైట్లను లెక్కపెట్టే పాత కౌంటర్ 32 బిట్లది. సుమారు 429 కోట్ల బైట్లు కాగానే అది స్కూటర్ మీటర్ లాగా తిరిగి సున్నాకు వచ్చేస్తుంది. గిగాబిట్ లింకు నిండుగా పారితే ఒక చుట్టు పూర్తి కావడానికి 34 సెకన్లు చాలు. ఐదు నిమిషాలకు ఒకసారి మాత్రమే తొంగిచూసేవారికి మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో తెలిసే దారి లేదు. ఒక చుట్టును 300 సెకన్లతో భాగిస్తే వచ్చే 114 మెగాబిట్లకు మించి వారికి ఎన్నటికీ కనబడదు. అదే స్విచ్‌లో అంత తొందరగా సున్నాకు రాని 64 బిట్ల కౌంటర్ కూడా ఉంది. వారి ప్రోగ్రాం దానిని చదవలేదు, అంతే. ఫిర్యాదు చేసిన మూడో రోజుకు సరిచేశారు. తప్పు చిన్నదే కానీ, వచ్చిన లెక్క నమ్మదగినదా అని ఒక్కసారి కూడా చూసుకోకుండా నాలుగేళ్ళ ముందుకు జోస్యం చెప్పడం నాకు రుచించలేదు.

కౌంటర్ సరిపడ్డాక అసలు జబ్బు బయటపడింది. అదే అంతర్వేది లింకు గ్రాఫు రాత్రి ఎనిమిదిన్నరకు 970 మెగాబిట్ల వరకు ఎక్కి, పదిన్నర దాకా బల్లపరుపుగా నిలబడి, ఆ తరువాత కిందికి దిగుతోంది. రోజూ అంతే. లింకు నిండిపోయిందని నాకు కనబడుతోంది. మోడల్‌కు మాత్రం అది వేరేలా కనబడింది. వారాల తరబడి రాత్రి లెక్క మారకుండా అదే 970 దగ్గర ఉన్నందువల్ల, ఈ లింకులో పెరుగుదల దాదాపు ఆగిపోయిందని తేల్చి, ఏటా 3 శాతం పెరుగుతుందని రాసింది.

డెల్టాలో కాలువ కింద సేద్యం చేసినవారికి ఈ పొరపాటు వెంటనే అర్థమవుతుంది. లాకు దగ్గర గేజీ పూర్తి మట్టం చూపిస్తూ ఉంటుంది, లెక్క పుస్తకంలో రోజూ అదే అంకె ఎక్కుతూ ఉంటుంది, శివారు మళ్ళలో మాత్రం నారు ఎండుతూ ఉంటుంది. గేజీ చెప్పేది ఎంత పారిందని. ఎంత కావలసివచ్చిందో చెప్పడం దానివల్ల కాదు. ఇంటర్నెట్‌లో ఈ దాపరికం మరీ ఎక్కువ. లింకు నిండి ప్యాకెట్లు (డేటా ముక్కలు) రాలిపోవడం మొదలు కాగానే, డేటా పంపే వేగాన్ని అదుపు చేసే టీసీపీ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, వీడియో యాప్ బొమ్మ నాణ్యతను ఒక మెట్టు దించుకుంటుంది. అందుచేత కొరత వల్ల గిరాకీ కూడా చిన్నదిగా కనబడుతుంది. సఖినేటిపల్లిలో ఒక రిటైరైన మాస్టారు ఫోన్ చేసి, "నెట్ ఆగడం లేదండి, కానీ బొమ్మ తొమ్మిది దాటితే నీళ్ళలో చూసినట్టు ఉంటోందండి" అన్నారు. నేను చూసిన నివేదికలన్నిటికన్నా ఆ మాటే పరిస్థితిని సరిగ్గా చెప్పింది.

ఒక హద్దు దగ్గర తెగిపోయిన లెక్కలతో పనిచేయడానికి గణాంకశాస్త్రంలో దారులు లేకపోలేదు. 1958లో జేమ్స్ టోబిన్ ఇటువంటి దత్తాంశానికే ఒక మోడల్ ఇచ్చాడు. ఈ సేవలో అది లేదు. అడిగితే, "లింకు 90 శాతం దాటితే ఎర్రరంగు చూపిస్తాం కదా సార్" అన్నారు. రంగు చూపించడం వేరు, ఆ రాత్రుల లెక్కను గిరాకీగా తీసుకోకపోవడం వేరు.

నేను చేసిన లెక్క చాలా మోటుది. రాజోలు పట్టణంలో మా లింకులు ఇరుకు లేకుండా ఉన్నాయి. అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షన్ ఒక్కింటికి సగటున 2.3 మెగాబిట్లు పడుతోంది. అంతర్వేది వైపు 970ని ఆరు వందలతో భాగిస్తే 1.6 వస్తోంది. ప్లాన్లు అవే, టీవీలు అవే, చూసే సీరియళ్ళు కూడా అవే. కాబట్టి అక్కడి అసలు గిరాకీ ఆరు వందల 2.3లు, అంటే 1,380 మెగాబిట్ల దగ్గర ఉండాలి. నరసాపురం నుంచి పంటు మీద ఫైబర్ రెండు కొసలా పెట్టే పది గిగాబిట్ల మాడ్యూళ్ళు రెండు తెప్పించి మార్చిన వారానికి ఆ లింకు 1,330 చూపించింది, నెల తిరిగేసరికి 1,380కి చేరింది. పెరుగుదల ఆగిపోయిందన్న లింకు ఒక్క నెలలో నలభై శాతం పెరిగింది. మోడల్ దీనిని చూసి బెదిరిపోయి, తరువాతి నివేదికలో ఆ లింకుకు ఏడాదికి మూడింతలు పెరుగుతుందని అంచనా వేసింది. సామర్థ్యం మార్చిన తేదీని వారికి చెప్పి, అక్కడ గీతను విరిచి లెక్కించమని కోరవలసి వచ్చింది. ఆ సదుపాయం ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. కాకపోతే మెనూలో ఎక్కడో అడుగున దాక్కుని ఉంది.

నివేదికలో రెండో ముఖ్యమైన అంకె 95వ శతాంశం. పెద్ద బ్యాండ్‌విడ్త్ ఒప్పందాలలో బిల్లు కట్టడానికి వాడే కొలత ఇది. ముప్ఫై రోజుల నెలలో ఐదు నిమిషాల లెక్కలు 8,640 వస్తాయి. వాటిని పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేర్చి, పైనున్న 5 శాతాన్ని, అంటే 432 లెక్కలను పక్కన పెట్టి, తరువాతి దానికి బిల్లు కడతారు. 432 లెక్కలంటే 36 గంటలు. ఈ సేవ ఆ అంకెకు 30 శాతం కలిపి, అంత సామర్థ్యం కొనమని సిఫారసు చేస్తుంది. బిల్లు వరకు ఇది న్యాయమైన పద్ధతే, ఎవరో ఒక పూట ఎక్కువ వాడినందుకు నెలంతా శిక్ష పడకుండా కాపాడుతుంది. ప్రణాళికకు మాత్రం పనికిరాదు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రాత్రులూ కలిపి రద్దీ గంటలు పన్నెండుకు మించవు. ఆ పన్నెండూ పారేసిన ముప్ఫైయారు గంటలలోకే పోతాయి. ఏడాదికి ఒకసారి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ ఇళ్ళకు వచ్చిన పిల్లలందరూ ఒకేసారి వైఫై పట్టుకునే రాత్రులను లెక్కలోంచి తీసేసి, మిగిలిన రోజులకు లింకు కొనమని చెప్పినట్టయింది. గోదావరి గట్ల ఎత్తును మామూలు ఏడాది ప్రవాహం చూసి ఎవరూ నిర్ణయించలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదమట్టాన్ని ప్రాతిపదికగా తీసుకుని తరువాత గట్లను ఎత్తుచేశారు.

అమ్మకానికి వచ్చిన కుర్రవాడు మొదటి రోజున ఒక మాట అన్నాడు: "ఎక్కువమంది కలిసే కొద్దీ ఎగుడుదిగుళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి సార్, కాబట్టి సగటు చూస్తే చాలు." ఈ నమ్మకం టెలిఫోన్ల కాలం నాటిది, ఆ కాలానికి నిజం కూడా. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో కాల్స్ రాక పాయిసాన్ పద్ధతిలో, అంటే ఒక కాల్‌తో మరొకదానికి సంబంధం లేకుండా, ఉంటుందని చూపించాడు, 1917లో ఎన్ని లైన్లు కావాలో చెప్పే సూత్రం ఇచ్చాడు. సగటున పది కాల్స్ నడుస్తూ ఉండే ఎక్స్ఛేంజిలో నూటికి ఒకటి మించి కాల్ తిరిగిపోకూడదంటే 18 లైన్లు కావాలని ఆ సూత్రం లెక్క చెబుతుంది. ఇంటర్నెట్ వచ్చాక ఆ సుఖం పోయింది. అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధనశాలలో 1989 నుంచి 1992 వరకు, అక్కడి కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ మీద పోగుచేసిన కొలతలను విశ్లేషించి లీలాండ్, టాకు, విలింగర్, విల్సన్ అనే నలుగురు 1993లో బయటపెట్టిన ఫలితం ఏమంటే, ఈ ట్రాఫిక్‌ను సెకన్లలో చూసినా నిమిషాలలో చూసినా గంటలలో చూసినా అదే గరుకుతనం కనబడుతుంది, సగటు కట్టినంత మాత్రాన అది చదును కాదు.

ఈ గరుకుతనాన్ని కొలిచే సూచిక ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే నదీతీరం వాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. ఈజిప్టులో నైలు నది మీద జీవితమంతా పనిచేసిన హర్స్ట్ అనే ఇంజనీరు, జలాశయం ఎంత పెద్దదిగా కట్టాలన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ నది పాత లెక్కలు తిరగేసి, నీరు ఎక్కువగా ఉన్న ఏళ్ళు ఎక్కువగా ఉన్న ఏళ్ళ పక్కనే, కరువు ఏళ్ళు కరువు ఏళ్ళ పక్కనే గుంపులుగా వస్తాయని 1951లో చూపించాడు. ఏ జ్ఞాపకమూ లేని, అంటే ముందు వచ్చినదాని ప్రభావం తరువాతి దాని మీద లేని ప్రవాహానికి ఆ సూచిక 0.5 ఉంటుంది, బెల్‌కోర్ కొలతలలో అది 0.8 చుట్టుపక్కల తేలింది. ఆ తేడా కొనుగోలులో ఎంత అవుతుందో చూడండి. వంద లెక్కలను కలిపి సగటు కడితే, సూచిక 0.5 అయినచోట విచరణ (ఎగుడుదిగుళ్ళ కొలత) నూరోవంతుకు పడిపోతుంది, 0.8 అయినచోట ఆరోవంతుకు మాత్రమే తగ్గుతుంది. ఐదు నిమిషాల సగటులో నున్నగా కనబడే గీత కింద సెకను సెకనుకూ ఎంత అల్లరి దాగి ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఎక్కువసేపు నడిచే కొన్ని డౌన్‌లోడ్లు, తక్కువసేపు నడిచే లెక్కలేనన్ని చిన్న పనులు కలిసి ప్రవహించడమే దీనికి మూలకారణం. లక్షలమంది ట్రాఫిక్ కలిసే వెన్నెముక లింకుల మీద చిన్న కాలవ్యవధుల్లో ఈ గరుకుతనం చాలావరకు సర్దుకుంటుందని తరువాతి కొలతలు చూపించిన మాట నిజమే. ఆరు వందల ఇళ్ళ లింకుకు ఆ ఊరట చెల్లదు.

అందుకని మాడ్యూళ్ళు మార్చిన తరువాత ఒక రాత్రి తొమ్మిది నుంచి పది వరకు ఆ పోర్టును నేనే సెకనుకొకసారి కొలిచాను. 3,600 లెక్కల సగటు 1.38 గిగాబిట్లు, ప్రామాణిక విచలనం (లెక్కలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 0.11. ట్రాఫిక్ గాసియన్ తీరులో, అంటే సగటుకు రెండు వైపులా గంట ఆకారంలో, ఉందనుకుంటే, సెకన్లలో 1 శాతానికి మించి ఇరుకు రాకుండా ఉండడానికి సగటుకు విచలనం 3.03 రెట్లు కలిపితే చాలునని నెట్‌వర్కు గణితంలో ఒక సులువైన సూత్రం ఉంది. ఆ ప్రకారం 1.71 గిగాబిట్లు కావాలి. నా లెక్కలలో ఆ గీతను దాటినవి నాలుగు సెకన్లే. సూత్రం ఇచ్చిన హామీ 36 సెకన్లు కనుక అది కొంచెం జాగ్రత్త వైపే మొగ్గిందన్నమాట. సేవవారి 95వ శతాంశానికి ముప్ఫై శాతం కలిపినా ఇంచుమించు ఇదే అంకె వస్తుంది కదా అని వారు వాదించారు. వచ్చింది నిజమే. కానీ వారి ముప్ఫై శాతం ఆరు వందల ఇళ్ళకూ అంతే, అరవై ఇళ్ళ వీధి పెట్టెకూ అంతే. చిన్న లింకులో విచలనం సగటుతో పోలిస్తే చాలా పెద్దది, అక్కడ ముప్ఫై చాలదు. నాలుగు వేల కనెక్షన్లు కలిసే చోట ముప్ఫై దండగ. ముప్ఫైకి బదులు ఆయా లింకు విచలనాన్ని బట్టి కలిపే ఈ ఒక్క మార్పు చేసుకుంటే ఈ సేవ ధర రెట్టింపు చేసినా కొనవచ్చు.

పండుగల విషయంలో తప్పు సగం నాది. చందా కట్టినప్పుడు రెండేళ్ళ పాత గ్రాఫుల దత్తాంశం ఇచ్చాను. అవి ఎంఆర్‌టీజీ అనే గ్రాఫులు గీసే ప్రోగ్రాంలో దాచినవి. అది ఐదు నిమిషాల లెక్కలను రెండు రోజులు మాత్రమే ఉంచుకుంటుంది. తరువాత అరగంట సగటులుగా, ఆపైన రెండు గంటల సగటులుగా, చివరకు రోజుకొక సగటుగా కుదించేస్తుంది. రాత్రి నాలుగు గిగాబిట్లు దాటిన రోజు కూడా ఏడాది తరువాత చూస్తే రెండు గిగాబిట్ల మామూలు రోజులా కనబడుతుంది. అటువంటి చరిత్రతో 2025 సంక్రాంతికి మా మొత్తం బయటి ట్రాఫిక్ 4.3 గిగాబిట్లు ఉంటుందని అంచనా వచ్చింది. నిజానికి 5.2 అయింది. కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియోలను ఊరంతా ఒకేసారి ఎక్కించడం మొదలుపెట్టేసరికి అప్‌లోడ్ వైపు కూడా ఇరుకైపోయింది.

మిగిలిన సగం క్యాలెండర్‌ది. వారి మోడల్‌కు తెలిసిన ఏడాది 365 రోజులది. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వస్తుంది కనుక జనవరి 14, 15 తేదీలు దాటదు, దానికి ఇబ్బంది లేదు. అంతర్వేది రథోత్సవం భీష్మ ఏకాదశి నాడు. ఆ తిథి 2024లో ఫిబ్రవరి 20న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 8న, 2026లో జనవరి 29న. పోయిన ఏటి తేదీని పట్టుకున్న మోడల్ 2026లో తీర్థం అయిపోయిన పదో రోజున రద్దీ వస్తుందని చెబుతుంది. ప్రత్యేక దినాల పట్టిక ఇస్తే చేరుస్తామన్నారు. పంచాంగం ముందు పెట్టుకుని, క్రికెట్ ఫైనళ్ళు కూడా కలిపి, ఇరవై రెండు తేదీలు రాసి పంపాను. 2023 నవంబరు 19 నాటి ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్లమంది చూసిన రోజున మా ఫోన్లు ఎలా మోగాయో నాకు గుర్తుంది. అటువంటి దినాలను ఆదివారాల సగటులో కలిపేస్తే మామూలు ఆదివారం కూడా పాడవుతుంది. పట్టిక ఇచ్చాక 2026 సంక్రాంతికి 6.4 నుంచి 7.2 మధ్య ఉంటుందని అంచనా ఇచ్చారు. 6.9 వచ్చింది. ఒక్క అంకె కాకుండా ఇలా పైగీత, కిందిగీత ఇవ్వడం ఈ సేవలో నాకు బాగా నచ్చిన అంశం.

మెచ్చుకోవలసినది మరొకటి ఉంది, అది నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు. శుక్రవారాలు ఉదయం పదకొండు దాటాక మా అప్‌లోడ్ గీతలో ఒక చిన్న గుట్ట లేస్తోందని నివేదిక గుర్తు పెట్టి పంపింది. మొదట పొరపాటు అనుకున్నాను. ఆలోచిస్తే, మా దీవిలో ఇంటికొకరు కువైట్‌లోనో కతర్‌లోనో ఉంటారు. అక్కడ శుక్రవారం సెలవు, గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. వాళ్ళు నిద్ర లేచి ఇంటికి వీడియో కాల్ చేసే వేళ అది. డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్‌కు సగం సామర్థ్యమే ఉండే జీపాన్ పెట్టెల (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్ళకు పంచే పరికరాల) మీద ఆ గుట్ట చిన్నది కాదు. అంతవరకు శుక్రవారం ఉదయాలు సాఫ్ట్‌వేర్ మార్పులకూ మరమ్మతులకూ పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు మంగళవారానికి మార్చాము.

చివరి ఫిర్యాదు పెద్దది. మాకు బయటి దారులు రెండు. ఒకటి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపు, రెండోది బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం వైపు. చెరొక 5 గిగాబిట్లు కొన్నాము. గత ఏడాది వర్షాకాలానికి రెండింటి మీదా రాత్రి రద్దీలో 2.6 చొప్పున నడుస్తోంది. నివేదిక రెండింటికీ ఆకుపచ్చ రంగు వేసి, మరి పదకొండు నెలలు కొనుగోలు అక్కర లేదన్నది. ఒక దారి తెగితే రెండోది మొత్తం మోయాలి, అందుచేత మాకు ప్రతి లింకులోనూ సగమే మా సొంతం అన్న సంగతి దానికి తెలియదు. ఆగస్టులో రోడ్డు పక్క తవ్వకంలో పాలకొల్లు వైపు ఫైబర్ తెగింది. రాత్రి 7:40 నుంచి 11:10 వరకు 5.2 గిగాబిట్ల గిరాకీ 5 గిగాబిట్ల దారిలో ఇరుక్కుపోయింది. తేడా చూడడానికి చిన్నదే, కానీ నిండిన లింకులో ఆలస్యం ఎలా పెరుగుతుందో తెలిసినవారికి ఆ రాత్రి మా ఆఫీసు ఎలా ఉందో చెప్పనక్కర లేదు. అతుకు వేయడానికి వెళ్ళిన మా వాళ్ళు వానలో గొడుగు కింద స్ప్లైసింగ్ మెషిన్ పెట్టుకుని మూడున్నర గంటలు కూర్చున్నారు. ఆ నెల నివేదిక ఏమన్నదంటే, పాలకొల్లు లింకు సగటు వాడకం తగ్గింది, దాని సామర్థ్యాన్ని తగ్గించుకుని ఖర్చు ఆదా చేసుకునే అవకాశాన్ని పరిశీలించండి అని.

ఒక్కొక్క లింకు తెగిందనుకుని మిగిలినవాటి మీద ఎంత పడుతుందో వేసి చూడడం పెద్ద గణితం కాదు, కూడిక మాత్రమే. మా దీవికి కాలువ నీరు గన్నవరం అక్విడక్టు మీదుగా రావలసిందే కనుక, ఒకే దారి మీద ఆధారపడడం ఏమిటో ఇక్కడి వాళ్ళకు వేరే చెప్పనవసరం లేదు. అడగగా ఆ సదుపాయం పై స్థాయి ప్లాన్‌లో ఉందన్నారు, ధర 3,10,000 రూపాయలు. ఆ కూడికను నేను ఎక్సెల్ పట్టికలో వేసుకుని, అక్టోబరులో రెండు దారులనూ 8 గిగాబిట్లకు పెంచాను.

సహాయ విభాగం గురించి ఫిర్యాదు లేదు. తెలుగులో మాట్లాడతారు, పగటిపూట అరగంటలో ఫోన్ ఎత్తుతారు, తెలియనిది తెలియదంటారు. రాత్రి ఎనిమిది తరువాత ఎవరూ ఉండరు. మా వ్యాపారంలో రోజు మొదలయ్యేది అప్పుడే కనుక ఇది గమనించవలసిన విషయం. డాష్‌బోర్డు ఫోన్‌లో నెమ్మదిగా తెరుచుకుంటుంది.

ఐదుకు మూడు ఇస్తున్నాను. వెయ్యి కనెక్షన్ల లోపు ఉన్నవారు దీనికి పెట్టే డబ్బుతో ఇరుకు లింకు ఒకటి మార్చుకోవడం మంచిది. రెండు మూడు వేలు దాటినవారు కొనవచ్చు కానీ, 64 బిట్ల కౌంటర్ చదువుతున్నారా, నిండిన రాత్రుల లెక్కను ఏమి చేస్తారు, తిథుల పట్టిక తీసుకుంటారా, లింకు తెగితే ఏమవుతుందన్నది మీ ప్లాన్‌లోనే ఉందా అని సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగాలి. నేను మొన్న జనవరిలో మళ్ళీ కట్టాను, ఈసారి బయటి రెండు లింకులకూ ఎక్కువ ఇళ్ళ ట్రాఫిక్ వచ్చి కలిసే పెద్ద పోర్టులకూ మాత్రమే, 60,000 రూపాయలకు. కుదించని ఐదు నిమిషాల లెక్కలను మా దగ్గరే దాచడం మొదలుపెట్టాము. ఏడాదికి పోర్టు ఒక్కింటికి 1,05,120 లెక్కలు వస్తాయి. నలభై పోర్టులకు కలిపినా డెబ్భై ఎంబీ దాటదు, ఒక పెళ్ళి వీడియోలో పావు వంతు కూడా కాదు. జనవరి 29న రథం కదిలే వేళకు అంతర్వేది లింకు 1.9 గిగాబిట్లకు ఎక్కి, గంటన్నర అక్కడే ఉండి దిగింది. అంచనాలో పైగీత 2.0. లైన్‌మన్ ఆ రాత్రి ఫోన్ రాలేదని తెల్లవారి తానే ఫోన్ చేసి, "సిస్టం పనిచేస్తోందాండీ, లేక నా ఫోన్ పాడైందాండీ?" అని అడిగాడు.